చూరు లేని ఇంటికి చూరు

ఇల్లు కట్టేవాళ్లు వాన గురించి ముందుగా ఆలోచించేది చూరు దగ్గరే. కప్పు గోడను దాటి జానెడో మూరెడో ముందుకు రావాలి, నీళ్లు గోడకు తగలకుండా ఎడంగా పడాలి. తాటాకు పాక నుంచి పెంకుటింటి దాకా, డాబా కిటికీ మీది సన్‌షేడ్ దాకా ఇదే పద్ధతి. చక్రాల మీద తిరిగే ఇంటికి మాత్రం ఆ వీలు లేదు. అమెరికా రోడ్ల మీద బండి వెడల్పు మామూలుగా 102 అంగుళాలకు, అంటే ఎనిమిదిన్నర అడుగులకు మించకూడదు. మంచం, వంటిల్లు, స్నానాల గది, మధ్యలో నడిచే దారి అన్నీ అందులోనే ఇమడాలి. అందుకని తయారుచేసేవాళ్లు గోడల్ని చివరంటా జరిపేస్తారు. చూరుకు చోటు మిగలదు. మోటర్‌హోమ్ కప్పు మీద పడ్డ ప్రతి చుక్కా గోడ మీదుగానే నేలకు దిగాలి.

ఆ నీళ్లెన్నో ఒకసారి లెక్క కట్టండి. బండి పొడవు 28 అడుగులు, వెడల్పు 8 అడుగులు అనుకుందాం. కప్పు వైశాల్యం 20 చదరపు మీటర్ల పైచిలుకు. ఒక్క అంగుళం వాన కురిస్తే దాని మీద పడేది 500 లీటర్ల పైమాటే. కప్పు నడిమధ్య కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది కనుక అందులో సగం ఈ పక్కకి, సగం ఆ పక్కకి జారుతుంది. ఒక్కో గోడకు 250 లీటర్లు. ఆ నీళ్లు దిగే దారిలో కప్పునీ గోడనీ కలిపే అతుకు ఉంటుంది. ఆ అతుకు పొడవునా కొన్ని అంగుళాలకొకటి చొప్పున స్క్రూలు దిగి ఉంటాయి. ఆ కింద కిటికీలు, తలుపు, ఫ్రిజ్‌కు గాలాడే జాలీ, మీద దీపాలు. గోడకు ఎన్ని సౌకర్యాలు అమర్చితే అన్ని కంతలు పెట్టినట్టే.

నీళ్లు లోపలికి దిగితే ఏమవుతుందో తెలియాలంటే ఆ గోడ ఎలా తయారవుతుందో తెలియాలి. బయటికి ఒకే పలకలా కనిపిస్తుంది కానీ అది పొరలు పొరలుగా అతికిన గోడ. అన్నిటికన్నా పైన మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర మందాన ఫైబర్‌గ్లాస్ రేకు, దాని వెనక పల్చటి ప్లైవుడ్, ఆ వెనక ఫోమ్, వీటన్నిటినీ పట్టి ఉంచే అల్యూమినియం చట్రమో చెక్క చట్రమో. అమెరికాలో ఆర్‌వీలనే ఈ చక్రాల ఇళ్లలో అధిక భాగం తయారయ్యే ఇండియానా రాష్ట్రపు ఎల్కార్ట్ ప్రాంతంలో దశాబ్దాలుగా వాడుతున్న పద్ధతి ఇది. తేలిగ్గా ఉంటుంది, వేడినీ చలినీ ఆపుతుంది. తడిని మాత్రం తట్టుకోలేదు. పై అతుకులోంచి సన్నగా దిగిన నీరు ప్లైవుడ్‌లోకి ఇంకిందంటే జిగురు పట్టు వదిలేస్తుంది. ఫైబర్‌గ్లాస్ రేకు గోడ నుంచి విడిపోయి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కంటికి కనిపించే సమయానికి లోపల చెక్క నానిపోయి ఉంటుంది. బాగు చేయించడానికి వేల డాలర్లు అవుతాయి. దీనికి ముందు జాగ్రత్త, గోడ నెత్తిన అడ్డంగా అతికించే అంగుళం లోపు వెడల్పు పట్టీ. అదే గట్టర్. చాలా బండ్లకు కంపెనీలోనే కప్పు అంచు పట్టీలో భాగంగా వస్తుంది. రాని బండ్లకు తరవాత పెట్టించుకోవాలి.

మా పెద్దమ్మ కొడుకు సియాటిల్ పక్కన బోతెల్‌లో ఉంటాడు. పిల్లలతో తిరగడానికి పాత క్లాస్-సీ మోటర్‌హోమ్ ఒకటి కొన్నాడు. డ్రైవరు నెత్తి మీద పడక ఉండే రకం. దాని గోడల మీద పైనుంచి కిందికి నల్లటి చారలు. ఆ బండికి గట్టర్ పెట్టడానికి వచ్చిన పెద్దాయన, ఇళ్ల ముంగిళ్లకే వచ్చి ఆర్‌వీలు బాగుచేసే మెకానిక్కు, ముందుగా చూసింది ఆ చారల్నే. కింద ఎక్కడ ఆగాయో కాదు, పైన ఎక్కడ మొదలయ్యాయో వేలితో చూపిస్తూ బండి చుట్టూ తిరిగాడు. ప్రతి చారకూ పైన ఒక కారణం ఉంది. ఒకటి ఏసీ బాక్సుకు సూటిగా కింద ఉంది. కప్పు మీది ఏసీ వదిలే నీళ్లు కప్పు మీదుగానే జారతాయి, వాన లేకపోయినా ఎండాకాలమంతా గోడ తడుస్తుంది. ఇంకొకటి పాత సీలెంట్ పగిలిన చోటుకు కింద ఉంది.

చారల సంగతి నాకు అంతకుముందు తెలియదు. కుంభవృష్టికి గోడ మురికిపట్టదు, నిజానికి కడిగినట్టవుతుంది. చారలు కట్టేది తుంపర్లకి, మంచుకి, వాన వెలిశాక కప్పు మీద మిగిలిన నీరు మెల్లగా కారడానికి. రబ్బరు కప్పు ఏళ్లు గడిచేకొద్దీ ఎండకు పైపొర సున్నంలా రాలుతుంది. ఆ పొడినీ, దుమ్మునీ, చెట్ల జిగురునీ వెంటబెట్టుకుని ఆ నీటి ధార మెల్లగా దిగుతుంది, సగం దారిలో ఆరిపోతుంది, మోసుకొచ్చినదంతా గోడకు అంటించి పోతుంది. సియాటిల్‌లో ఏడాదికి కురిసేది సుమారు 950 మిల్లీమీటర్లు. మన కోస్తా జిల్లాల వానకన్నా ఎక్కువేం కాదు. కాకపోతే అది ఏడాదిలో 150 రోజుల పాటు కొద్దికొద్దిగా జల్లుతూనే ఉంటుంది. అక్కడి నుంచి పడమటికి పోతే ఒలింపిక్ నేషనల్ పార్కులో హో వర్షారణ్యం ఉంది, ఏడాదికి 3,500 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. మా అన్నయ్య వాళ్లు బండి వేసుకుని వెళ్లి రాత్రిళ్లు గడిపేది అలాంటి చోట్లే. ఈ సన్న పట్టీ కుండపోతను మోయలేదు, పొంగిపొర్లుతుంది. అది మోయాల్సింది కూడా కుండపోతను కాదు. గంటల తరబడి కారే ఆ మురికి చుక్కల్ని అది గోడ మీదికి రానివ్వకపోతే చాలు.

పని మొదలైంది తుడవడంతో. సబ్బునీళ్లతో కడిగారు, ఆరబెట్టారు. తరవాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి గుడ్డ తడిపి తుడిచారు. గుడ్డను ఒకే దిక్కుకు లాగడం, ప్రతిసారీ మడత మార్చి శుభ్రమైన వైపు వాడడం, వెంటనే పొడిగుడ్డతో ఎత్తేయడం. ముందుకీ వెనక్కీ రుద్దితే మురికిని, పాత మైనపు పాలిష్‌ని గోడంతా పులమడమే అవుతుంది. తుడిచిన చోట వేలు పెట్టి చూసి, వేలి కొసకు తెల్లటి పొడి అంటితే మళ్లీ తుడిచేవాడు. ఒకచోట ఎవరో ఎప్పుడో సిలికోన్ పూశారు. దాన్ని ప్లాస్టిక్ బ్లేడుతో గీకి తీయడానికే చాలాసేపు పట్టింది. సిలికోన్ ఆనవాలు మిగిలిన చోట ఇంకే జిగురూ అంటుకోదు. అంతసేపు ఎందుకని మా అన్నయ్య అడిగితే, "పనంతా తుడవడంలోనే ఉంది, అతికించడం ఎంతసేపు" అన్నాడాయన.

అతికించే టేపు గురించి కొంచెం చెప్పాలి. 3ఎం కంపెనీ 1980లో తెచ్చిన వీహెచ్‌బీ రకం టేపు అది. రెండు వైపులా జిగురుండే యాక్రిలిక్ ఫోమ్. దాని పట్టు ఒక్కసారిగా రాదు. అతికించాక 20 నిమిషాలకు సగం బలం, ఒక రోజుకు 90 శాతం, మూడు రోజులకు పూర్తి బలం వస్తాయని కంపెనీ లెక్క. అదీ గది వేడిమిలో ఉంటేనే. గోడ 10 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉంటే జిగురు గోడ మీది సన్నటి గరుకులోకి పారదు, పైపైన అంటుకుని ఊరుకుంటుంది. అందుకే సియాటిల్‌లో ఈ పనికి జూలై, ఆగస్టు నెలలే మంచివి. వాన దాదాపు ఉండదు, గోడ వెచ్చగా ఉంటుంది. మెత్తగా ఉంటూనే పట్టు వదలకపోవడం ఆ ఫోమ్‌లోని గొప్పతనం. ఎనిమిదిన్నర మీటర్ల అల్యూమినియం పట్టీ 40 డిగ్రీల తేడాకు దాదాపు 8 మిల్లీమీటర్లు సాగుతుంది. ప్లాస్టిక్ అయితే అంతకు రెండు మూడు రెట్లు. గోడ వేరే రకంగా సాగుతుంది. ఈ రెండిటి మధ్య పెనుగులాటను ఫోమ్ తనలో ఇముడ్చుకుంటుంది. స్క్రూలతో బిగిస్తే ఆ పెనుగులాట ప్రతి స్క్రూ కంత మీదా పడుతుంది. పైగా నీటిని ఆపడానికి పెట్టే పట్టీ కోసం గోడకు ఇంకో ముప్పై కంతలు పెట్టడం మంచి పనివాడెవడూ ఇష్టపడడు.

ఆయన తెచ్చింది చుట్టగా వచ్చే ప్లాస్టిక్ పట్టీ. అలాంటిది చుట్ట విప్పగానే అతికిస్తే చుట్టుకున్న అలవాటు పోదు, కొసలు పైకి లేస్తాయి. ముందు రోజే చుట్ట విప్పించి ఎండలో నేల మీద పొడుగ్గా పరిపించాడు. అతికించేటప్పుడు దాన్ని ఏ మాత్రం లాగలేదు. సాధారణంగా తిన్నగా కనబడాలని ఎవరైనా కొస పట్టి బిగించి లాగుతారు. అలా లాగి అంటించిన ప్లాస్టిక్ ఒక ఎండాకాలం గడిచేలోపు మళ్లీ తన పొడవుకు ముడుచుకుంటుంది, కొసల దగ్గర టేపును ఊడబెరుకుతుంది. ఈయన పట్టీని అరచేతి మీద మోస్తూ, దాని బరువు తను భరిస్తూ గోడకు ఆనించాడు.

అంతకుముందే గోడ మీద మాస్కింగ్ టేపుతో గీత వేశాడు. ఈ పనిలో నన్ను కట్టిపడేసింది ఆ గీతే. ఇంటి గట్టర్‌కు వాలు ఇవ్వడం తేలిక. ఇల్లు కదలదు కనుక పది అడుగులకు పావు అంగుళం చొప్పున ఒక కొసకు వాలిస్తే సరిపోతుంది. మోటర్‌హోమ్ ఇవాళ ఒక వాలులో, రేపు ఇంకో వాలులో నిలబడుతుంది. ఆగిన చోట యజమాని వాలు ఇద్దామన్నా కుదరదు. గ్యాసు మీద నడిచే ఆర్‌వి ఫ్రిజ్‌లో అమ్మోనియా ద్రవం తన బరువుతోనే గొట్టాల్లో కిందికి జారి తిరుగుతుంటుంది, బండి ఒరిగి ఉంటే ఆ ప్రవాహం ఆగిపోతుంది, ఫ్రిజ్ పాడవుతుంది. అందుకని క్యాంపులో ఆగగానే చక్రాల కింద దిమ్మెలు పెట్టి బండిని సమంగా నిలబెట్టుకుంటారు. ఫ్రిజ్‌కు కావలసింది సమతలం, గట్టర్‌కు కావలసింది వాలు.

ఆయన వాలును పట్టీలోనే పెట్టాడు. గీతను గోడ నడిమధ్య ఎత్తుగా ఉంచి, అక్కడి నుంచి రెండు కొసలకూ అర అంగుళం చొప్పున దించాడు. పద్నాలుగు అడుగుల దూరంలో అర అంగుళం. బండికి కొంచెం ఎడంగా నిలబడి ఎంత చూసినా పట్టీ తిన్నగానే ఉన్నట్టుంటుంది. కంటికి దొరకని ఆ వంపు నీటికి దొరుకుతుంది. బండి సమంగా నిలబడితే నీళ్లు రెండు పక్కలకూ పోతాయి. ముందుకు ఒరిగితే ముందు నుంచి, వెనక్కి ఒరిగితే వెనక నుంచి పోతాయి. నాలుగు మూలల్లో నాలుగు దారులు. కప్పును అడ్డంగా ఉబ్బెత్తుగా చేసినవాళ్ల ఆలోచననే ఆయన పొడవునా కొనసాగించినట్టయింది.

గీత వెంట అతికించడం ఇద్దరి పని. టేపు వెనక కాగితాన్ని ఒక్కసారిగా ఒలవకూడదు. కొసలో రెండంగుళాలు ఒలిచి, ఆ కాగితాన్ని ఏటవాలుగా మడిచి బయటికి వదలాలి. అప్పుడు పట్టీని గోడకు ఆనించి, గీతకు సరిచూసుకుని, ఒకరు కాగితాన్ని మెల్లగా బయటికి లాగుతుంటే ఇంకొకరు వెనకాలే నొక్కుకుంటూ పోవాలి. ఈ టేపు ఒకసారి అంటుకుంటే జరపడం ఉండదు. అంతా అయ్యాక రబ్బరు రోలరుతో మొత్తం పొడవు ఇంకోసారి గట్టిగా నొక్కాడు. ఆ నొక్కుడే జిగురును పారిస్తుంది.

తరవాత సీలెంట్. పట్టీ పై అంచు పొడవునా సన్నటి ధార వేసి, తడి వేలితో ఒకే ఊపున లాగి, గోడ మీది నీరు జారి గట్టర్‌లో పడేలా చిన్న ఏటవాలు చేశాడు. గోడకు వాడేది కారకుండా నిలిచే రకం. కప్పు మీద తనంతట తను పరుచుకునే రకాన్ని ఇక్కడ వాడితే గోడ మీదికి జారుతుంది. కింది అంచుకు మాత్రం సీలెంట్ వేయలేదు. కంగారు మనిషి రెండు అంచులూ మూసేస్తాడు, మూస్తే భద్రం అనుకుంటాడు. పైన ఎప్పుడైనా వెంట్రుకవాసి పగులు వచ్చి పట్టీ వెనక్కి నీరు చేరితే, కింద తెరిచి ఉంటే అది బయటికి పోతుంది, మూసి ఉంటే అక్కడే నిలవ ఉండి గోడలోకి దారి వెతుక్కుంటుంది. పనివాడు తన పని ఎప్పటికైనా ఎక్కడో ఓడుతుందని ముందే ఒప్పుకుని దానికీ దారి ఉంచడం నాకు చాలా గౌరవం కలిగించింది.

ఇక కొసలు. గట్టర్ పట్టుకున్న నీరు చివరికి ఎక్కడో జారిపడాలి. ఆ జారిపడే నాలుగంగుళాల్లోనే అసలు పనితనం ఉంది. మజ్జిగ గిన్నెను నెమ్మదిగా వంచితే మజ్జిగ గ్లాసులో పడకుండా గిన్నె అడుగు పట్టుకుని కారడం అందరికీ తెలుసు. ద్రవానికి గుండ్రటి అంచును వదలడం ఇష్టముండదు. మార్కస్ రైనర్ అనే శాస్త్రవేత్త 1956లో దీనికి టీపాట్ ఎఫెక్ట్ అని పేరుపెట్టి సమస్యగా ముందుకు తెచ్చాడు, మరుసటేడు జోసెఫ్ కెల్లర్ అనే గణితవేత్త దాన్ని విశ్లేషించాడు. గట్టర్ కొస గుండ్రంగా ఉంటే నీరు మలుపు తిరిగి మళ్లీ గోడకే వస్తుంది. అప్పుడు గోడంతా పరుచుకోవాల్సిన మురికి ఒకేచోట చేరి ఇంకా నల్లటి చార కడుతుంది. గట్టర్ పెట్టాక బండి మరింత అసహ్యంగా తయారైందని కొందరు బాధపడేది ఇందుకే.

అందుకని నాలుగు కొసలకూ ప్లాస్టిక్ ముక్కులు తొడుగుతారు. అవి గోడకు మూడు నాలుగు అంగుళాలు ఎడంగా ముందుకు వస్తాయి. ముక్కు కొస కింది అంచు పదునుగా ఉండాలి. అప్పుడే చుక్క పట్టు తప్పి రాలిపోతుంది. ఆయన తెచ్చిన ముక్కుల కొసలు అచ్చులో పోసినప్పటి నునుపుతో గుండ్రంగా ఉన్నాయి. జేబులోంచి చాకు తీసి ఒక్కోదాని కింది అంచును లోపలికి ఏటవాలుగా చెక్కాడు. ఒక్కో కొసకు రెండు మూడు కోతలు, అంతే. మన ఊళ్లలో మేస్త్రీ సన్‌షేడ్ పోసేటప్పుడు అడుగున, అంచుకు కాస్త లోపలగా, పొడవునా సన్నటి గాడి తీస్తాడు. ఆ గాడి లేకపోతే నీరు సన్‌షేడ్ అడుగు పట్టుకుని పాకి కిటికీ మీదికి వస్తుంది. ఇద్దరూ ఒకే ఉపాయాన్ని పట్టుకున్నారు.

ఒకప్పుడు చాలా కార్లకు కప్పు చుట్టూ ఇలాంటి గట్టర్ ఉండేది. అంబాసిడర్ తలుపుల పైన కనబడే ఆ అంచు, పెళ్లిళ్లకు సామాను వేయడానికి క్యారియరు కాళ్లు బిగించిన ఆ అంచు, అదే. 1950లో వచ్చిన ఫోక్స్‌వాగన్ టైప్-2 వ్యానుకూ చుట్టూ ఉంటుంది. కప్పు రేకునూ పక్క రేకునూ అంచులు కలిపి స్పాట్ వెల్డింగ్ చేసి, ఆ అతుకునే కాలవగా మలిచారు. దాచుకోవలసిన అతుకుకు ఒక పని అప్పజెప్పడం ఆ కాలపు ఇంజినీర్ల తెలివి. దుమ్ము నిలిచి తుప్పు మొదలయ్యేదీ అక్కడే అన్నది వేరే సంగతి. 1980ల్లో గాలి ఒరిపిడి తగ్గించడం కోసం తలుపుల్ని కప్పులోకి వంచడం మొదలయ్యాక కార్ల గట్టర్లు మాయమైపోయాయి. అంబాసిడర్ మాత్రం 2014లో తయారీ ఆగిపోయేదాకా తన అంచును వదులుకోలేదు.

మా అన్నయ్య బండికి డ్రైవరు వైపు గోడలో బయటికి జరిగే గది ఒకటి ఉంది. స్లైడౌట్ అంటారు. అక్కడ పట్టీని ఆ గది చట్రానికి పైన, చట్రం రెండు కొసలూ దాటి పోయేలా వేయాలి, గది లోపలికి వచ్చేటప్పుడు దాని అంచు పట్టీకి తగలకూడదు. అసలు పట్టీని అతికించకముందే చిన్న ముక్క కోసి మాస్కింగ్ టేపుతో నిలబెట్టి, గదిని లోపలికీ బయటికీ జరిపించి చూశాడు. తలుపు మీద విడిగా ఇంకో చిన్న పట్టీ వేశాడు. పై గట్టర్ పొంగినా తలుపు తీసే మనిషి మెడ మీద పడకుండా.

మూడు రోజులు తడపొద్దని చెప్పి వెళ్లి, గడువయ్యాక మళ్లీ వచ్చి, నిచ్చెనెక్కి కప్పు మీద పైపుతో సన్నగా నీళ్లు వదిలాడు. ధార వేగంగా పెట్టలేదు, తుంపరలా పెట్టాడు. నాలుగు ముక్కుల నుంచీ చుక్కలు విడివిడిగా గోడకు ఎడంగా పడ్డాయి. వెనక మూల ఒక ముక్కు దగ్గర మాత్రం సన్నటి తడి గోడ పట్టుకుంది. ముక్కు పట్టీకి బిగిసే చోట ఉన్న సందు అది. చిటికెడు సీలెంట్ పెట్టి వేలితో లోపలికి అదిమాడు.

సంవత్సరానికి రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో ఆకులు, పైన్ సూదులు తోసేయమన్నాడు. ముక్కులు ఎండకు పెళుసెక్కుతాయని, అడవి దారుల్లో కొమ్మ తగిలితే విరుగుతాయని, గట్టివి కొనడానికి చూడొద్దని కూడా చెప్పాడు. ముక్కు విరగకపోతే ఆ కొమ్మ పట్టీని, దాంతోపాటు టేపును, సీలెంట్‌ను ఊడదీసుకుపోతుంది. విరిగితే పోయేది ఒకటి రెండు డాలర్ల ప్లాస్టిక్ ముక్క, ఎవరైనా చేత్తో కొత్తది తొడుక్కోవచ్చు. కొసలు ముందే చెక్కి ఉంచిన నాలుగు ముక్కుల్ని తలుపు పక్క సొరుగులో వేసి వెళ్లాడు.